మా గల్లీలో అన్నిటికన్నా చిన్న పాదముద్ర

మా పెద్ద తోడికోడలంటే నాకు అసూయ. మరాఠీవాళ్ల ఊరైన కామత్‌ఘర్‌లో వరుస గదులున్న ఒకే చాల్‌లో గోడకు అటూ ఇటూ కాపురాలు మావి. నల్లా దగ్గర కొట్లాటైనా, ఎవరింట్లో పెళ్లి ముచ్చటైనా గల్లీ అంతా అక్కనే అడుగుతుంది. నేను ఎదురుగా నిలబడి ఉన్నా "మీ అక్క ఉన్నదా?" అంటారు. ఒళ్లు మండిపోయేది.

పోయినేడు ఈ పాత చాల్‌లు కూల్చి కొత్తవి కట్టే ముందు నక్ష, అంటే ప్లాను, వేయడానికి ఒక కాలేజీవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి మరాఠీ బడిలో చదివిన మన తెలుగు పిల్లే. మనం తినేది, కాల్చేది, తిరిగేది, పారేసేది అన్నీ చెబితే, ఒక్కో ఇంటిని సాకడానికి ఎంత నేల పడుతుందో కంప్యూటర్ తేలుస్తుందట. దాన్ని పాదముద్ర అంటారట. ఆ లెక్కను బట్టి ఎన్ని నల్లాలు, ఎంత నీడ, మరమగ్గాల షెడ్డు ఇళ్లకు ఎంత దూరం అన్నది గీస్తారట.

"మటన్ ఎన్నిసార్లు, చిన్నమ్మా?" అని అడిగిందా పిల్ల. అక్క గడపలోనే ఉంది. అంతకుముందే తను నెలకోసారి అని చెప్పింది.

"ప్రతి ఆదివారం," అన్నాను.

మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా ఆయన పనిచేసే సాంచాలు వారానికి మూడు రోజులే నడవడం మొదలయ్యాక మా ఇంట్లో మటన్ ఊసే లేదు. అయినా ఆదివారం వస్తే ఉల్లిగడ్డలు, గరం మసాలా ఎర్రగా వేయించి తలుపు బార్లా తెరిచేదాన్ని. లోపల ఉడికేది ఆలుగడ్డే. వాసన మాత్రం అక్క ఇంట్లోకి పోవాలి. బావగారికి నూలు దుకాణంలో నెల జీతం, వాళ్లకు ఏ లోటూ లేదు, వృథా కూడా లేదు. మాకూ లేదని ఆమె అనుకోవాలి. అందుకే ఆ పిల్లకు రెండు పూటలా పాలన్నాను, పండ్లన్నాను, ఎక్కడికి పోయినా ఆటోనే అన్నాను.

నెల తర్వాత వరండా గోడకు నక్ష అంటించారు. అక్క ఇల్లు ఆకుపచ్చగా ఉంది, అంటే తక్కువ నేల; నాది ఎర్రగా ఉంది, అంటే ఎక్కువ. పాదముద్ర అన్నిటికన్నా చిన్నగా ఉన్న ఇంటామె గల్లీ తరఫున కూర్చుని కొత్త నక్ష గీయిస్తుందని అప్పుడు చెప్పారు. మళ్లీ అక్కే! అందరూ చప్పట్లు కొట్టారు. "నాకేం తెలుసు, ఉన్నది చెప్పిన," అంది అక్క. ఆ అణకువ చూస్తే ఇంకా మంట.

మధ్యాహ్నం ఆ పిల్లను పక్కకు పిలిచాను. "బిడ్డా, నేను చెప్పినయన్ని అబద్ధాలు. మళ్ల రాసుకో."

"ఖరా చెప్పు చిన్నమ్మా, టెన్షన్ నక్కో," అంది, నిజం చెప్పు, భయపడకు అన్నట్టు.

అన్నీ చెప్పాను. మటన్ లేదు, పండ్లు లేవు, పొద్దున ఇద్దరం చాయ్ తాగి పనికి పోతాం, పొయ్యి వెలిగేది ఒక్క పూటే, ఎంత దూరమైనా నడకే. ఒక్కొక్కటి చెబుతుంటే అంకె దిగుతోంది. సిగ్గెక్కడిది, నాకు హుషారొచ్చింది. చివరికి అది అక్క అంకె కన్నా కిందికి పోయింది.

తర్వాతి ఆదివారం మీటింగులో లెక్క మారిందని ఆ పిల్ల చెప్పింది. ఎందుకు మారిందో కూడా, నన్ను మెచ్చుకుంటూనే, గట్టిగా చదివింది. చాయ్, ఒక్క పూట పొయ్యి, అన్నీ. మా ఆయన లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. అక్క నావైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకన్నా ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నన్ను తెచ్చి నక్ష ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లుగా నేను కోరుకున్నది అదే. "చిన్నమ్మా, ఇగ మీ ఇల్లే నమూనా. గల్లీలో అందరూ గిట్లనే బతికేటట్టు గీద్దామా?" అంది ఆ పిల్ల.

గల్లీ అంతా నా మాట కోసం చూస్తోంది.

"వద్దు బిడ్డా," అన్నాను. "మేం తక్కువ చేసుకోలే. లేక తక్కువైంది. అక్క ఇల్లు చూసి గీయి. అక్కోలె బతకాలనే నేను ఇన్నేండ్లు కుళ్లుకున్న."