పౌడరు పూసుకోని ముఖాలతో తిరుపతికి

తిరుపతికి జనం మొక్కు తీర్చుకోవడానికి వెళతారు. మొన్న జూన్‌లో ఒక ఆదివారం నేను, నా స్నేహితురాలు చిసోమో వెళ్ళింది ఒక వార్త, ఒక కథ చదవడానికి. చిత్తూరులో పొద్దున రైలెక్కి, సాయంత్రం రైలుకు తిరిగొచ్చే ప్రయాణం. దూరం తక్కువే అయినా, వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి.

నేను చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పనిచేస్తాను. గుజ్జు తీపి, పులుపు కొలిచి చీటీ రాసిపెట్టడం నా పని. కాయలు కడిగి కోసే వరసలో ఉండేవాళ్ళు ఎక్కువమంది మా ఎస్సీ కాలనీ ఆడవాళ్ళు. ఈ సీజన్లో గేటు దగ్గర హాజరు పుస్తకం తీసేసి, ముఖం చూసి హాజరు వేసే మిషన్ పెట్టారు. అది కొందరి ముఖాలు పట్టదు. మా వదిన రాణి మంచి నలుపు. ఆమె ముఖం అసలు పట్టదు. మూడుసార్లు నిలబడినా ‘మనిషి లేరు’ అని తెర మీద వస్తుంది. పౌడరు దట్టంగా పూసుకుంటే పడుతుందని ఎవరో కనిపెట్టారు. అప్పటినుంచి గేటు పక్క గోడ మీద ఒక పౌడరు డబ్బా వెలిసింది. ఒకరి తర్వాత ఒకరు పూసుకుని, మిషన్‌కు ముఖం చూపించి, లోపలికెళ్ళి కుళాయి దగ్గర కడుక్కుంటారు. తిండి వస్తువు తయారయ్యే చోట ముఖానికి పౌడరు ఉండకూడదని లోపల ఇంకో రూలు ఉంది మరి.

నాకు, నలుగురు స్నేహితులకు కలిపి ‘ఎల్లుండి’ అని చిన్న పత్రిక ఉంది. నాలుగు పేజీలు, జిరాక్సు. సగం సైన్సు వార్తలు, సగం రాబోయే కాలం గురించి మేం అల్లిన కథలు. ఆ ఆలోచన నాకు చిసోమో వల్లే వచ్చింది. ఆమెది ఆఫ్రికాలోని మలావి దేశం. చిత్తూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం. చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుని పరిచయమయ్యాం. వేరువేరు దేశాల్లో చదువుకుంటున్న నల్లజాతి పిల్లలు కొందరితో కలిసి ఆమె వారానికోసారి ఫోన్లో వినే కార్యక్రమం ఒకటి చేస్తుంది. ముందు సైన్సు వార్తలు, వాటిని తమవైపు నుంచి చూసి చెబుతారు. తర్వాత ఒక ఊహాకథ. ముఖాలు గుర్తుపట్టే యంత్రాలు నల్లటి ఆడవాళ్ళ దగ్గరే ఎక్కువగా తప్పుతాయని, నల్లజాతి ఆడవాళ్ళే కూర్చుని పరీక్షించి నిరూపించారని నేను విన్నది అందులోనే. తెల్లని ముఖాలు ఎక్కువ చూపించి నేర్పిస్తే యంత్రానికి ఆ ముఖాలే వస్తాయి. అది వినగానే నాకు రాణి వదిన గుర్తొచ్చింది.

ఆ సంగతి ‘ఎల్లుండి’లో రాసి క్యాంటీన్ గోడకు అంటించాను. సూపర్‌వైజరు చించేశాడు. తిరుపతిలో శాస్త్రమూ సాహిత్యమూ అనే సభలో నాకు పది నిమిషాలు ఇచ్చారని ఎవరో ఆయనకు చెప్పారు. “ఆడ పోయి ఇదే సదివితే సోమవారం ఈడికి రావద్దు. నీ మంచికే చెప్తా ఉండా,” అన్నాడు. మా అమ్మతో చెప్పాను. ఆమె శనివారం నా చీర ఇస్త్రీ చేయించి తెచ్చి మంచం మీద పెట్టింది.

ఆదివారం ఆరు కాకముందే స్టేషన్‌కు చేరాను. చిసోమో అప్పటికే ఆటో దిగి, పచ్చ గౌనులో, తలకు పసుపు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. టికెట్టు మనిషికి ముప్పై లోపే. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సు మానేసి ప్యాసింజరే ఎక్కండి. సీట్లు దొరుకుతాయి, మాటలు దొరుకుతాయి.

మా ఎదురుగా తిరుమలకు వెళుతున్న కుటుంబం కూర్చుంది. పెద్దాయన చిసోమోను కాసేపు చూసి, ఏ దేశమని నన్ను అడిగాడు. ఆమెనే అడగమన్నాను. అడిగాడు. ఆమె తెలుగులో జవాబిచ్చేసరికి ఆయన సంబరపడి, మీ ఊళ్ళో సింహాలు తిరుగుతుంటాయా అని రెండో ప్రశ్న వేశాడు.

“మా ఊర్లో మార్కెట్టు ఉండాది, బస్టాండు ఉండాది,” అంది చిసోమో. “సింహాన్ని నేను ఫస్టు సూసింది మీ తిరుపతి జూలోనే, అప్పా.”

ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. హాస్టల్ మెస్సులో, బస్సుల్లో మూడేళ్ళు నేర్చుకున్న తెలుగు అది. పరీక్షలకు పనికిరాదు కానీ ఇలాంటి చోట్ల బాగా పనిచేస్తుంది.

పాకాల జంక్షన్లో రైలు పావుగంట ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, వేడిగా, చట్నీ కాస్త నీళ్ళగా. అక్కడ ఒక ముసలామె కరివేపాకు కట్టల బుట్టతో ఎక్కి చిసోమో పక్కన కూర్చుంది. పేరేమిటంది. ఆ పేరుకు వాళ్ళ భాషలో కృప అని అర్థమని చెప్పాను. “అట్లయితే కృపమ్మ. మా చిన్నత్త పేరు అదే,” అని, ఇక దిగేదాకా అలాగే పిలిచింది. చంద్రగిరి దాటాక తన చేతిని చిసోమో చేతి పక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకటే రంగు. ముసలామె అదేమీ వింత కాదన్నట్టు తల ఊపి బుట్ట సర్దుకుంది. ఆ బోగీలో మా రంగు గురించి ఎవరూ అంత మామూలుగా ఉండలేదు.

తొమ్మిదింటికి తిరుపతి. స్టేషన్ బయట ఆటోవాళ్ళు అందరినీ కొండకేనా అని అడుగుతారు. కాదంటే మనల్ని వింతగా చూస్తారు. సభ జరిగే హాలు నడిచిపోయేంత దూరంలోనే ఉంది. దారిలో కాఫీ తాగి వెళ్ళాం.

సభ నడిపేది ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరరు. నుదుట సన్నని నామం, ఇస్త్రీ చొక్కా, నిదానమైన మాట. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. నా కాగితాలు ముందే చదివారట, పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉన్నాయి.

“కథ బాగుందమ్మా. ఊహ ఉంది,” అన్నారు. “కానీ సైన్సు అందరిదీ. ఈ కాలనీ పేరు, ఈ నలుపు గొడవ తీసెయ్. అప్పుడు ఎవురైనా ఇష్టంగా వింటారు.”

చిసోమో వైపు తిరిగి, భోజనాలకు ముందు సాంస్కృతిక కార్యక్రమం ఉందని, మీ దేశపు పాటో డాన్సో చేస్తే సభకు నిండుగా ఉంటుందని ఇంగ్లీషులో అన్నారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే గౌరవం ఇస్తున్నాననుకున్నారు. నాకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

“నాకు డాన్సు రాదు సార్,” అంది చిసోమో తెలుగులోనే. “నేను కంప్యూటర్స్ సదువుతా ఉండాను. ఆ మిషన్ ఎందుకు తప్పుతాదో చెప్పేదానికి వచ్చినాను.”

పెన్సిలు గుర్తులున్న కాగితాలు ఆయన నా ముందుకు జరిపారు. సోమవారం సంగతి, నా జీతంతో కొనే అమ్మ మందుల సంగతి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. తీసేస్తే ఏం పోతుంది, కథ కథే కదా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ కాలనీ పేరు తీసేస్తే ఆ గేటు ముందు నిలబడేవాళ్ళు ఎవరు? మిషన్ ‘మనిషి లేరు’ అన్నది. ఇప్పుడు నా కాగితం కూడా అదే అనాలా?

ఏమీ తీయనని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చదువుతాను, లేదంటే ఇక్కడినుంచే వెళ్ళిపోతామని అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెప్పాల్సింది చెప్పాను, ఆపై మీ ఇష్టమన్నారు. మా వంతు భోజనాల ముందుకు మార్చారు, ఆకలితో జనం లేచిపోయే వేళకు.

ముందు చిసోమో వార్త చెప్పింది. తెలుగు చాలని చోట ఇంగ్లీషు వాడింది, నేను తెనిగించాను. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరం కూడా నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని చెప్పినప్పుడు ముందు వరసలో ఒక నర్సమ్మ పెన్ను తీసి రాసుకుంది. తర్వాత నేను కథ చదివాను. ఎండలో పనిచేసిన ముఖాలను మాత్రమే గుర్తుపట్టే మిషన్ ఒకటి వస్తుంది. ఫ్యాక్టరీ యజమాని తన గేటు తానే దాటలేక, ముఖానికి పూసుకోవడానికి బొగ్గుపొడి ఇమ్మని కూలీల కాలనీకి వస్తాడు. ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్ళు రచ్చబండ పెడతారు. చివరికి ఇస్తారు. అదీ కథ.

సగంలో పదిమంది దాకా లేచి వెళ్ళిపోయారు. అయ్యాక వెనకనుంచి ఒకాయన, సైన్సులోకి కులాన్ని ఎందుకు పెడతారని గట్టిగా అడిగాడు.

“నేను పెట్టలేదు సార్,” అన్నాను. “గేటు కాడ ఉండాది. సూసి రాసినాను.”

సభ భాష మర్చిపోయి మా ఇంటి భాషలో వచ్చేసింది ఆ మాట. అది మైకులో హాలంతా వినబడింది. మొదట చప్పట్లు కొట్టింది ఆ నర్సమ్మే. లెక్చరరు గారు కొట్టలేదు. లేచి, ఆ పరీక్షలు ఎవరు చేశారు, ఎన్ని ముఖాల మీద చేశారు అని చిసోమోను వరసగా ప్రశ్నలు అడిగారు. ఆమె ప్రతిదానికీ జవాబిచ్చింది. తెలియనిది ఒకటుంటే తెలియదంది. ఆయన చివరికి, ఆ వ్యాసాలు నాకు పంపమ్మా, నేను చదవాలి, అని కూర్చున్నారు. నాకు ఆయన మీద కోపం సగమే తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.

భోజనం అయ్యాక కాసేపు గోవిందరాజస్వామి గుడి వీధుల్లో తిరిగి, అమ్మకు గాజులు కొని, నాలుగున్నరకు స్టేషన్‌కు వచ్చాం. ప్లాట్‌ఫారం మీద ఉండగానే సూపర్‌వైజరు నుంచి మెసేజ్ వచ్చింది. మేం చదివింది ఎవరో వీడియో తీసి ఆయనకు పంపారట. రేపు రానక్కరలేదని ఒక్క వాక్యం. చదివి చిసోమోకు చూపించాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. రాణి వదినకు ఫోన్ చేస్తే, విని, “సరే. రేపు మేమెవురం పౌడరు పూసుకోము,” అని పెట్టేసింది.

మరుసటి రోజు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చదివేవాళ్ళు దానికోసం ఎదురుచూడకుండా. పొద్దున్నే గేటు దగ్గర వరస మొత్తం ఉత్త ముఖాలతో నిలబడింది. మిషన్ సగంమందిని పట్టలేదు. పట్టినవాళ్ళు కూడా లోపలికి వెళ్ళలేదు. రోడ్డు మీద తోతాపురి కాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. మాగిన కాయ ఎవరి కోసమూ ఆగదు. పదింటికి వాచ్‌మన్ లోపలినుంచి పాత హాజరు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈ సీజన్ అంతా పుస్తకమే నడుస్తోంది. నన్ను మాత్రం వెనక్కి పిలవలేదు. ఇప్పుడు ఒక ట్యూషన్లో బడిపిల్లలకు సైన్సు చెబుతున్నాను. జీతం తక్కువ. అందుకని దీన్ని గెలుపు కథగా చెప్పను, ఓటమి అని అస్సలు చెప్పను.

ఆ ఆదివారం సాయంత్రానికి వస్తాను. తిరుగు రైల్లో ఆడవాళ్ళ బోగీ ఎక్కాం. పూలమ్మి ఖాళీ గంపలతో తిరిగొస్తున్న ఏడెనిమిది మంది, కిటికీల దగ్గర కాళ్ళు చాపుకుని ఉన్నారు. చిసోమో తలగుడ్డ ఎలా కట్టావని ఒకామె అడిగింది. మాటలో మాట వచ్చి ఎందుకు వెళ్ళామో చెప్పాం. అయితే ఆ కత మాకూ సదువు అన్నారు. రైలు చప్పుడు మీదుగా గొంతు పెంచి మొదటినుంచి చదివాను. హాల్లో ఎవరూ నవ్వని చోట్ల వీళ్ళు నవ్వారు. యజమాని కాలనీకి వచ్చే చోట అందరూ ముందుకు వంగారు.

అయిపోయాక, జడలో కనకాంబరాలు పెట్టుకున్న పెద్దామె కథ ముగింపుకు ఒప్పుకోలేదు. పాకాలలో ఎక్కి దిగేవాళ్ళ గోల మధ్య కూడా వదల్లేదు.

“బొగ్గు ఎందుకిచ్చినారు మే? ఆయప్ప ముఖం మారినంత మాత్రాన బుద్ధి మారతాదా?”

ఇవ్వకపోతే ఫ్యాక్టరీ మూతపడదా అని ఇంకొకామె అంది. మూతపడితే మనమే తెరుస్తామని మూడో ఆమె. ఫ్యాక్టరీ నడపడం నీకు వచ్చా అని ఎవరో. కాయ కోసేది ఎవరు, ఉడికించేది ఎవరు, మూత బిగించేది ఎవరు, ఇంక నడపడానికి మిగిలిందేముంది అని పెద్దామె వేళ్ళు మడిచి చెప్పింది. చిసోమో ఎప్పుడో ఫోన్ తీసి, వాళ్ళను అడిగి, ఆ వాదనంతా రికార్డు చేసుకుంటోంది.

తిరుపతిలో నా కథకు పది నిమిషాలు ఇచ్చారు. ఆ బోగీలో గంటకు పైగా దొరికింది, అదీ ఎవరినీ బతిమాలకుండా. చిత్తూరు దగ్గరపడి గంపలు సర్దుకుంటున్నప్పుడు కూడా వాదన తెగలేదు. బొగ్గు ఇవ్వకూడదన్నవాళ్ళు ఐదుగురు, ఇవ్వాలన్నవాళ్ళు ముగ్గురు. నేను మొదటి పక్షంలోకి మారిపోయాను. దిగేలోపు చివరి పేజీ కొట్టేసి, పెద్దామె చెబుతుంటే కొత్తది రాయడం మొదలుపెట్టాను.