ఫ్యాన్ కింద కుర్చీ

ఉద్యోగం దొరకడం కంటే, ఆ ఉద్యోగం ఏమిటో ఇంట్లో చెప్పడమే కష్టంగా ఉన్న రోజులవి. ముడిమ్యాలలో మా తాత కట్టించిన ఇల్లు సగం కూలిపోయింది, కనకమామిడిలోని మా పొలాల్లో ఎవరివో ఫాంహౌస్‌లు లేచాయి. అయినా పటేల్ ఇంటి అబ్బాయి ఊరూరా తిరిగి జనాన్ని బతిమాలుతున్నాడంటే బాగుండదని, నాది ‘పరిశోధన’ అని మాత్రమే చెప్పాను. నిజానికి చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పెద్దవాళ్లను పరగడుపున రక్తం ఇవ్వడానికి ఒప్పించడం నా పని. తిన్నది ఒంట్లో అరిగేటప్పుడు రక్తంలోకి చేరే సన్నసన్న పదార్థాలు, పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లలో వేరే తీరుగా ఉంటాయా అని మా డాక్టరమ్మ పరీక్షిస్తోంది. పోల్చడానికి జబ్బు లేనివాళ్లూ కావాలి.

నాన్నను మేం బాపు అంటాం. ఆయన కుడిచెయ్యి ఏడాదిగా లాల్చీ జేబులోంచి బయటికి రావడం లేదు. అన్నం కూడా ఒంటరిగా తినేవాడు. దవాఖానకు పోదామంటే, "మన ఇంట్ల వణికినోడు ఎవడన్న ఉన్నడా?" అని ఎడమచేత్తో మీసం దువ్వేవాడు. ఇంతలో మా ఊరి బడిలోనే రక్తం తీసే రోజు వచ్చింది. ఈ వంకతోనైనా డాక్టరమ్మ కంట పడతాడని నా ఆశ. జబ్బు లేనివాళ్ల వరుస అంటేనే వస్తానన్నాడు. (పటేల్ ముందు ఇస్తేనే ఊరు కదులుతుందని ఆయన నమ్మకం. మేం వెళ్లేసరికి ఊరు ఎప్పుడో కదిలి, చాయ్ తాగక చిరాకుగా కూర్చుని ఉంది.)

జబ్బున్నవాళ్లు తూలి పడతారని బడి గదిలో ఫ్యాన్ కింద కుర్చీలు వేశాం. లేనివాళ్లకు వరండాలో బల్ల. మొదటి కుర్చీలో, ఒకప్పుడు మా దగ్గర పాలేరుగా జీతమున్న పాటలన్న (చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే) కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నాకు గీ బల్లనా?" అన్నాడు బాపు.

"నీకేం రోగం లేదంటివి గద బాపు," అన్నాను.

లోపలినుంచి పాటలన్న, "బల్ల మంచిగనే ఉన్నది పటేలా, కూసో. కుర్చీలు మా అసొంటి వణికేటోళ్లకు," అన్నాడు.

"నీదేం వణుకు? జర చెయ్యి చూపియ్."

పాటలన్న చూపించాడు. బాపు లోపలికి వచ్చి, దాన్ని నాసిరకం విత్తనాన్ని చూసినట్టు చూసి పెదవి విరిచాడు. తర్వాత జేబులోంచి తన కుడిచెయ్యి తీసి ఆయన ముందు పెట్టాడు.

"గిది చూడు. నీదానికన్న తక్కువున్నదా?"

డాక్టరమ్మ ఆ చేతినే చూస్తోంది. పాటలన్న పక్క కుర్చీని తువ్వాలతో దులిపి, "ఎన్నొద్దుల సంది దాస్తున్నవ్ పటేలా? రా, కూసో," అన్నాడు.

తీరా సూది పట్టుకుంటే, బాపు ఇడ్లీలు తినే వచ్చాడని తేలింది. ఖాళీ కడుపుతో గడప దాటడం మా ఇంటావంటా లేదట. రెండోసారి పరగడుపున, పాటలన్న కంటే ముందే వచ్చి మొదటి కుర్చీ పట్టుకున్నాడు. డాక్టరమ్మ పరీక్షలు చేయించింది, మందులూ మొదలయ్యాయి.

ఆ రక్తంలో ఏం తేడా తేలిందో నాకు చెప్పినా సగమే అర్థమైంది. బాపు మాత్రం ఇప్పుడు మా మధ్యే కూర్చుని, చెంచాతో అన్నం తింటున్నాడు. నాకూ తల నెరుస్తోంది. ఎక్కడైనా బల్ల చూపిస్తే, పటేల్ ఇంటివాణ్ని కదా, ఇప్పటికీ నిటారుగా నిలబడే ఉంటాను. ఎవరైనా మర్యాదగా కుర్చీ వేస్తే మాత్రం, కూర్చునే ముందు ఒకసారి నా చేతుల వైపు చూసుకుంటాను.