సర్వే తొక్కని గుమ్మం

వీధంతా ఆమెను అంగుస్తానక్క అనే పిలిచేది. సూది దిగకుండా దర్జీలు వేలికి తొడుక్కునే ఆ ఇత్తడి టోపీ ఆమె ఎడమచేతికి ఎప్పుడూ ఉండేది. అదేం పిచ్చో అని నవ్వుకునేవాళ్లు. పిచ్చీ కాదు, పాడూ కాదు. ఆ వేలికి స్పర్శ లేదు. గుచ్చుకున్నా, గుడ్డకు రక్తం అంటితేగాని తెలియదు.

కుష్ఠు వచ్చింది, మందు మింగింది, తగ్గింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరే చెప్పి పంపాడు. రోగం పోయినంత సులువుగా ఆ పేరు పోతుందా? అన్నయ్య ముందుగది ఇచ్చాడు. "వీధిలో పొక్కనంతవరకే సుమా" అని వదిన ముందే తేల్చి చెప్పేసింది. ఆమె నోరు మూసుకుని మిషను తొక్కుకుంటూ బతికింది. మేనకోడలు పక్కనే కూర్చుని గుండీలు ఏరేది.

ఒకరికి వస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ చూడాలన్నది ఆసుపత్రివాళ్ల పద్ధతి. మంచి పద్ధతే, కాదనేదెవరు! ఆమెకు మందుబిళ్లలు ఇచ్చిన ఆరోగ్య కార్యకర్త బజారులో ఎదురుపడి, మర్నాడే మీ వీధికి వస్తున్నానన్నాడు.

"అయ్యా, నా బతుకు బయటపడిపోతుంది."

"భలేదానివమ్మా! నీ పేరెత్తుతానా? మీ ఇంట్లోవాళ్లను ఆసుపత్రిలో చూసేశాం కదా. మీ గుమ్మం వైపు కన్నెత్తి కూడా చూడను, సరేనా?"

ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది.

అన్నమాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. వీధిలో ప్రతి తలుపూ తట్టాడు. పిల్లల చొక్కాలు విప్పించి, కళ్లు మూయించి, వీపు మీద దూదితో తాకి, ఎక్కడ తాకానో చెప్పమన్నాడు. వాళ్లు గిలిగింతలకు మెలికలు తిరిగిపోయారు. ఈ ఇంటి ముందుకొచ్చేసరికి తల దించుకుని, గబగబా దాటేసి, పక్కింటి తలుపు కొట్టాడు. అమ్మయ్య అనుకుంది ఆమె. అయ్యో, పిచ్చితల్లీ!

సాయంత్రం ఎదురింటావిడ వచ్చింది. "మా అందరి వీపులూ చూశాడే, మీ ఇంట్లో ఎవరికీ వీపుల్లేవా?"

నవ్వుతూనే అడిగింది. అడిగాక ఆ నవ్వు ఆగిపోయింది. చూపు మెల్లగా అంగుస్తాను మీద వాలింది. ఆమె గబుక్కున ఆ చెయ్యి కొంగులో దాచుకుంది. నన్నూ చూడండయ్యా అని పొద్దున ఒక్క కేక వేసుంటే సరిపోయేది కదా! ఇప్పుడు తోచి ఏం లాభం?

"తొందరేం లేదులే" అంటూ ఎదురింటావిడ కత్తిరించని తన గుడ్డ పట్టుకుపోయింది. మర్నాడు మిగతావాళ్లూ అంతే. కుట్టేసిన బట్టల కోసం మాత్రం ఎవరూ రాలేదు. వదిన కూతుర్ని పిలిచి, గుప్పెట్లోని గుండీలు పారబోయించి, సబ్బుతో చేతులు కడిగించింది.

"నేను పొమ్మనడం లేదమ్మా," అన్నాడు అన్నయ్య. "పిల్లది ఉంది కదా..."

"తెలుసన్నయ్యా."

"మిషను కూడా తీసుకెళ్లు. ఇక్కడ దాన్నెవరు ముట్టుకుంటారు?"

ఊరి బయట రోగుల కాలనీలో కొత్త బట్టలు కుట్టించుకునేదెవరు? మిషను మీద కప్పిన గుడ్డ తీయనేలేదు. పుళ్లకు కట్లు కట్టడానికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆమెను చూసి నిర్ఘాంతపోయాడు.

"ఇక్కడున్నావేంటమ్మా? ఎలా బయటపడింది? నేనైతే మీ ఇంటి వైపు చూడను కూడా చూడలేదే!"

మంచివాడు, తిట్టడానికి నోరు రాలేదు.

"అవునయ్యా," అంది ఆమె. "మా ఇల్లొక్కటే చూడలేదు."