బక్కయ్య వేసిన గిలాబు

బొంబాయి కామాఠీపురా ఎనిమిదో గల్లీలో మూడంతస్తుల పాత చాల్ ఒకటి ఉండేది. ముప్పై రెండు గదులు, అంతస్తుకొక పొడుగాటి వరండా, దానికి టేకు కటకటాలు. రెండో అంతస్తు చివరి గది తాపీ మేస్త్రీ బక్కయ్యది. తాత పాలమూరు నుంచి వచ్చి ఫోర్టు పేటలో దొరల కమాన్లకు రాళ్లు మోశాడు. తండ్రి అవే రాళ్లు చెక్కాడు. ఇప్పుడు ఆ కమాన్ల కింద జనం ఫొటోలు దిగుతారు. కట్టినవాళ్ల మనవలు పదడుగుల గదిలో ఆరుగురు పడుకుంటారు. ఇదేమీ కొత్త సంగతి కాదు గనుక ముందుకు పోదాం.

ఇరవయ్యారేళ్ల కింద ఒక వానాకాలం చాల్ గోడలన్నీ చెమ్మెక్కి పాత డంగు సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. బక్కయ్యకు అప్పుడు ముప్పై అయిదు. అంధేరిలో కొత్త టవర్లకు పని చేస్తూ, తనంతటి మేస్త్రీ బొంబాయిలో లేడని నమ్మే వయసు. "సున్నం తాతలకు, సిమెంటు మనకు" అని అందరినీ ఒప్పించాడు. పాత సున్నమంతా చెక్కేసి, లోపలా బయటా దిట్టంగా సిమెంటు గిలాబు పూశాడు. కూలి అడగలేదు. పని జరిగిన రెండు నెలలూ ఇంటికో పూట చొప్పున చాల్ వాళ్లే వంతులేసుకుని అన్నం పెట్టారు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే వజ్రమ్మ మాత్రం వంతు లేని రోజు కూడా పిలిచి జొన్నరొట్టె, పుంటికూర పెట్టేది. గోడలు నున్నగా తేలాయి, చెమ్మ కనబడలేదు. అప్పటి నుంచి చాల్‌లో ఏ మేకు కొట్టాలన్నా బక్కయ్య మాటే వేదం.

యాభై దాటాక ఎత్తుల మీద పని చేతగాక ఫోర్టులో పాత కట్టడాల మరమ్మతుకు చేరాడు. మూడేళ్ల కింద అక్కడికి పని నేర్పడానికి ఇటలీ నుంచి బెప్పె అనే ముసలి మేస్త్రీ వచ్చాడు. జెనోవా అనే ఓడరేవు పట్నంలో పాత బస్తీ ఇళ్లు బాగుచేయడం అతని వంశం పని. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సున్నం బాగా నానిందా లేదా చూడ్డానికి ఇద్దరూ ఒకేలాగా వేళ్లతో నలిపేసరికి బక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం డబ్బాల్లో అన్నం తిన్నాక బెప్పె ఫోనులో తన ఊరు చూపించేవాడు. ఆరేడంతస్తుల ఇళ్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాల్సిన సందులు, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి బట్టలారేసిన తాళ్లు. కొన్ని గోడల మీద కిటికీలు లేనిచోట కిటికీ బొమ్మలు గీశారు. "మా గల్లీయే గద!" అని బక్కయ్య తొడ చరుచుకుని నవ్వాడు.

మర్నాడు బెప్పె ఇంకో ఫొటో చూపించాడు. అదే బస్తీలో ఒక ఇల్లు, దానికి ఎవరో ఈ కాలం వాళ్లు సిమెంటు పూశారు. తర్వాత ఫొటోలో ఆ గిలాబు ఊడదీసి ఉంది. వెనక దూలం చివర పొడైపోయి ఉంది. బెప్పె సిమెంటు బస్తా వైపు వేలు చూపించి, ఆ చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. బక్కయ్యకు తర్జుమా అక్కర్లేకపోయింది. తను చాల్‌కు పూసిందీ అదే సిమెంటు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, భార్య రత్నాబాయికి కూడా. రోజూ పనికి పోయేముందు వరండాలో గోడ మీద తట్టి చెవి ఆనించేవాడు. గోడ డొల్లగా పలికేది. సాయంత్రం వజ్రమ్మ పిలిస్తే పైకి పోయి చాయ్ తాగి వచ్చేవాడు. చెబితే పరువు పోతుంది. పరువుదేముంది, గూడే పోతుంది. కట్టడం ప్రమాదమని సర్కారుతో రాయించుకుని తాత్కాలికంగా శివారు గదులకు పోయిన పక్క చాల్ వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అలా అనుకుంటూ మూడు వానాకాలాలు దాటించాడు. అది పిరికితనమని ఆయనకూ తెలుసు.

ఈ ఏడు మూడో అంతస్తు వరండా ఒక పక్క జానెడు కుంగింది. మంగేష్ అనే సర్కారు ఇంజనీరు చూడ్డానికి వచ్చాడు. మరమ్మతని రాస్తే ఉంటారు, ప్రమాదమని రాస్తే ఖాళీ చేయాలి. చాల్ అంతా వరండాలోకి వచ్చి నిలబడింది.

"నువ్వు చెప్తె ఆయన ఇంటడు. మంచిగున్నదని ఒక్క మాట అను, అయిపాయె" అని రత్నాబాయి మొగుడి చెవిలో అంది.

మంగేష్ గోడ తడిమి మరాఠీలో అడిగాడు. "గోడకు బీట కూడా లేదు మేస్త్రీ. మీరు పాత కట్టడాలు ఎరిగినవారు. దూలాలు గట్టిగానే ఉన్నాయంటారా?"

బక్కయ్య గదిలోకి వెళ్లి సుత్తి, ఉలి తెచ్చాడు. దూలం గోడలోకి దిగే చోట నాలుగు దెబ్బలు వేశాడు. సిమెంటు పలకలా ఊడి పడింది. లోపల చెయ్యి పెట్టి తీస్తే, వందేళ్ల టేకు తడిసిన అటుకుల్లా పిడికిట్లోకి వచ్చింది.

"గిది వాన జేసిన పని గాదు. నేను జేసిన పని" అన్నాడు అందరి వైపూ తిరిగి. "సున్నం గోడ ఊపిరి దీస్తది. నేను సిమెంటు గొట్టి దాని ముక్కు మూసిన. తడి బయటికి ఎల్లలేక దూలాలల్ల కూసున్నది. అన్ని అర్రలల్ల గిట్లనే ఉంటది. దిగుండ్రి. అందరు దిగుండ్రి."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రత్నాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వజ్రమ్మ ఒక్కతే అడిగింది. "ఎప్పటి సంది ఎరుక బిడ్డా నీకు?"

"మూడేండ్ల సంది, పెద్దమ్మా."

మంగేష్ ప్రమాదమని రాశాడు. ఖాళీ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బక్కయ్య ప్రతి గదిలో దూలం కింద దుంగలు నిలబెడుతూ ఉన్నాడు. ఆయన వస్తే జనం పక్కకు జరిగేవాళ్లు. ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

అందరికన్నా చివర వజ్రమ్మ దిగింది. ఎనభై ఏళ్ల మనిషి. మెట్లు ఊగుతుంటే పట్టుకోవడానికి బక్కయ్య తప్ప ఎవరూ లేరు. ఆయన చెయ్యి పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ గల్లీలోకి వచ్చింది. సామానెక్కించిన టెంపో దగ్గర ఆ చేతిని వదలకుండా తిప్పి, సుత్తి పట్టి కాయలు కాసిన అరచేతిని చూసింది.

"నీ చెయ్యి మీద నాకు కోపం లేదు బక్కయ్యా. దానికి తెల్వక జేసింది" అంది. "నీ నోటి మీదనే ఉన్నది. మూడేండ్లు మా నెత్తి మీద చావును పెట్టి, నా ఇంట్ల చాయ్ ఎట్ల తాగినవు?"

బక్కయ్య ఆమెను టెంపో ఎక్కించాడు. మూట ఎత్తి పక్కన పెట్టి, టెంపో తలుపు గొళ్లెం వేశాడు.