పురుగుల షెడ్డులో బొరుగుల ఉండలు

"లడ్లు పంచకపోతే సగంలోనే లేసి పోతారవ్వా! పోయినసారి వాల్మీకిపురంలో తెర మీద బొమ్మ మారేలోగా సగం మంది మాయమైరి. రేపు పుంగనూరులోనూ అట్లే అయితే నా ఉద్యోగం ఊడ్తాది."

"ఊడితే ఊడనీ. పురుగుల షెడ్డులో ఎవరైనా మిఠాయి పంచుతారా? సెప్పేదాంట్లో సరుకుంటే తినేదానికి పెట్టేది యాల?"

"మూడో తరగతి సదివిన నీకేం తెలుసు ప్రెజెంటేషనంటే!"

నిన్న సాయంత్రం మదనపల్లెలో, మా ఇంటి వసారాలో, నాకూ నా మనవరాలికీ జరిగిన గొడవ ఇది. రైతు ఆడవాళ్లకు పట్టుపురుగుల పెంపకం నేర్పే పని దానిది. ఆ లడ్ల డబ్బా చూస్తే నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఎందుకో నా ఈడువాళ్లకైనా చెప్పుకోవాలి.

వయసులో ఉన్నప్పుడు నేనూ ఆ పనిలోనే సహాయకురాలిని. కుప్పం దగ్గర ఒక పల్లెలో, ఒకామె ఇంటి వెనక షెడ్డులో, ఆఫీసరు అట్టబొమ్మలు చూపిస్తూ పుస్తకం చదివినట్టు చెప్పుకుపోతుంటే, ఆడవాళ్లు ఆవులించి, కొంగు దులుపుకుని ఒక్కొక్కరే లేస్తున్నారు. అప్పుడా ఇంటామె తట్టలోంచి గూడు కట్టబోయే పురుగును తీసి, కిటికీ వెలుతురుకెత్తి, దాని గొంతు దగ్గర తేనెరంగు చూడమంది. ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగారు కూడా. నేనేమో, హోటలు ఖర్చు మిగలాలని కట్టుకుపోయిన, బెల్లంతో చుట్టిన బొరుగుల ఉండలు విప్పి పంచేశాను; ఆమె చేతిలోని పురుగును తట్టలో వేయించి మరీ ఆ చేతిలో ఒక ఉండ పెట్టాను. అందరూ కూర్చున్నారు, నమిలారు. ఎవరూ ఏమీ వినలేదు. నేను మాత్రం మురిసిపోయాను.

చీమలెక్కకుండా తట్టల స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టింది ఆ తల్లి. మేము కూర్చోవడానికి చోటు కోసం, పురుగులకు మేత వేసే ఆకుల గోనెను ఆ స్టాండుకే ఆనించాము. బెల్లం పొడి గోనె మీదా, తట్టల్లోనూ రాలింది. మర్నాడు పోతే, గోనె మీదుగా ఎక్కిన చీమలు తట్టల నిండా. నెల కష్టం పోయింది. ఆమె చచ్చిన పురుగులను చేటతో ఎత్తి దిబ్బలో పోసి వచ్చి, నాకు తాగడానికి నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగిన నామీద నాకిప్పటికీ రోత.

ఇన్నేళ్లకు నిన్ననే మనవరాలికి చెప్పాను. అది తల దించుకుని విన్నది. అట్టలు పోయి తెర వచ్చింది, ఉండలు పోయి లడ్లొచ్చాయి. ఎదుటి మనిషి చేతిలో పురుగును పెట్టి చూపే ఓపిక అప్పుడు మాకూ లేకపోయె, ఇప్పుడు వీళ్లకూ లేకపోయె.

పొద్దున చూస్తే డబ్బా మూత చుట్టూ చీమలు బారు కట్టి ఉన్నాయి. మనవరాలు వాటిని చూసింది, సంచి ఒక్కటే భుజాన వేసుకుని పుంగనూరు బస్సుకు పోయింది. నేను చీమలు దులిపి లడ్లు ఎండలో పెట్టాను.