నాయిక పోయాకే అన్నం

మా ఏలీయా కాకా వండిన అన్నం తినాలంటే ముందు ఒక ఆడమనిషి ప్రాణం పోవాలి. అది కూడా పాడుతూ పోవాలి. ఆమె పోయేదాకా కాకా చేతిలో గరిటె కదలదు.

ఎనభై అయిదులో, షార్జా పక్కనున్న అల్ కుసైస్‌లోని మా కంపెనీ కూలీల క్యాంపుకు ఆయనే వంటవాడు. నరసాపురం దగ్గరి మనిషి. చర్చిలో పాడి పాడి సాగిన గొంతు, ఎవరి మాటా వినని మీసం. అంతకు ముందెప్పుడో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంట చేశాడట. ఆ దొర దేశం వెళ్లిపోతూ ఒక టేప్ రికార్డరు, పెట్టెడు క్యాసెట్లు ఇచ్చి పోయాడు. అన్నీ నూరేళ్ల కిందటి ఒపేరాలు. మన వీధి నాటకంలాగే కథంతా పాటల్లో నడుస్తుంది. ఆ కాలంలో అక్కడ ప్రేమించిన ఆడదానికి బతికే యోగం లేదని కాకా చెప్పేవాడు. ఒకామె దగ్గి దగ్గి పోతుంది, ఒకామె విషం తాగుతుంది, ఒకామెను మొగుడే పొడుస్తాడు. ఎలా పోయినా సరే, పోయే ముందు తనివితీరా పాడుతుంది.

క్యాంపుకు రెండు బస్సులు. దేరా పని నుంచి మాది ముందొచ్చేది, జెబెల్ అలీ నుంచి రెండోది ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. మేము దిగి, చేతులు కడుక్కుని, పళ్లేలు పట్టుకుని మెస్‌లో నిలబడేసరికి క్యాసెట్లో చివరి అంకం మొదలయ్యేది. డేగిసాల మీద మూతలు, మూతల మీద కాకా చేతులు.

మాలో మెట్‌పల్లి లచ్చన్నకు ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ.

"కాకా, ఆమె ఇంక సావలేదా?"

"ఇప్పుడే కదయ్యా జొరం తగిలింది. కాస్త ఆగు."

"నిన్న గూడ గిదే జెరమాయె. దవఖాన్ల పడెయ్యరాదు?"

"ఆ కుర్రోడొచ్చి క్షమించమని ఏడుస్తున్నాడు. ఇలాంటప్పుడు మనం చేపల పులుసు జుర్రుకుంటే ఏం బాగుంటాది?"

"దగ్గు రోగమున్నోళ్లు గింత గట్టిగ పాడుతరా?"

"ప్రేమించినోళ్లు పాడతారు. నీకు తెలీదులే."

లచ్చన్నకు ముగ్గురు పిల్లలు. ఆ మాట ఆయన మనసులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు మా భాషే మారిపోయింది. "వంటయిందా" అని అడిగేవాళ్లు లేరు, "పోయిందా" అనే అడిగేవాళ్లం. ఊరి నుంచి కొత్తగా వచ్చిన హన్మాండ్లు "పోయింది, పోయింది" అన్న కేక విని, ఎవరి ఇంట్లోనో కబురనుకుని తలమీంచి నీళ్లు పోసుకుని వచ్చాడు. తడిబట్టలతోనే రెండుసార్లు కూర వేయించుకున్నాడు.

ఇంకో విచిత్రం, ఆమె చావుకు వేళాపాళా ఉండేది కాదు. ఒకరోజు మేము వరుసలో నిలబడగానే గుటుక్కుమనేది. ఇంకోరోజు పోయినామెను కాకా క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ లేపేవాడు.

"సచ్చింది గదనే, మల్ల లేపినవేంది?"

"సరిగ్గా పోలేదయ్యా."

లచ్చన్న సహనం చచ్చింది. నలుగురిని వెంటేసుకుని క్యాంపు బాస్ గులాం మొహిద్దీన్ దగ్గరికి పోయాడు. ఆయన హైదరాబాదు మనిషి, మాట తక్కువ. వచ్చి టేప్ రికార్డరు చంకన పెట్టుకున్నాడు.

"ఏలీయా, ఫస్ట్ బస్ రాంగనే ఖానా పెట్టాలె. క్యాసెట్ ఖలాస్. మాట ఇనకుంటే ఎగ్జిట్ కొట్టిస్త."

ఎగ్జిట్ అంటే పాస్‌పోర్టు చేతికిచ్చి ఇంటికి పంపడం. కాకా "అలాగే సార్, క్యాసెట్ వెయ్యను" అన్నాడు.

చేసిన ఫిర్యాదు చేసినట్టే ఉంది, మర్నాడు పొద్దున్నే కంపెనీ లచ్చన్నను జెబెల్ అలీ పనికి మార్చింది. పోతూ పోతూ "అన్నా, నాకింత కూర ఆపిపెట్టు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. సరేనన్నాను. చేపల కూర ముందు అలాంటి మాట ఎంతసేపు నిలుస్తుందో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం మేము పళ్లేలతో నిలబడ్డాం. గుమ్మంలో బాస్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మూతలు మాత్రం లేవలేదు. కాకా బియ్యం బస్తా ఎక్కి, గరిటె గుండెకు ఆనించుకుని, అంత మీసం పెట్టుకుని ఆడగొంతుతో మొదలుపెట్టాడు. ఇటలీ భాషలో ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా దగ్గుతో సహా వదలలేదు.

"ఏలీయా, బంద్ చెయ్యమన్న గద."

"క్యాసెట్ వెయ్యలేదండి."

"ఎగ్జిట్ కొట్టిస్త."

"కొట్టించండి సార్. ఈవిడ పోయాక ఎల్తాను."

మళ్లీ అందుకున్నాడు. గొంతు జీరబోయింది, మొహం కందగడ్డ అయింది. కళ్లు మాత్రం కిటికీలోంచి గేటు మీదే ఉన్నాయి. చివరికి బస్సు లైట్లు గోడ మీద పడ్డాయి. జెబెల్ అలీ వాళ్లు ఇసుక దులుపుకుంటూ లోపలికొచ్చారు. అందరికన్నా వెనక లచ్చన్న, ఖాళీ డేగిసాలు చూడ్డానికి సిద్ధపడి వచ్చి, మూతలు చూసి ఆగిపోయాడు. కాకా ఒక్క పొడుగాటి రాగం తీసి బస్తా మీదికి ఒరిగాడు.

"పోయింది. పళ్లేలు పట్టండి."

బాస్ గేటును చూశాడు, మూతలను చూశాడు.

"వాళ్లొచ్చే దాంక ఆగుమని సీదా చెప్పొచ్చు గదా?"

"ఇదివరకు షార్జా క్యాంపులో వండేటప్పుడు చెప్పి చూశానండి. మీవల్లే మా తిండి ఆలస్యమని ముందొచ్చినోళ్లు ఎనకొచ్చినోళ్లని కొట్టబోయారు. ఇడిగా తీసి దాస్తే నేను దొంగనన్నారు. ఆకలి మీదున్నోళ్లు ఎవర్నో ఒకర్ని తిట్టాలి కదండీ. ఆ తిట్లేవో ఈవిడ తింటే పోలా? ఎలాగూ పోయే మనిషి."

నాకు కాకాను కావలించుకోవాలనిపించింది. ఆకలి కూడా దంచేస్తోంది కాబట్టి పళ్లెమే ముందుకు చాపాను.

బాస్ వెళ్లి టేప్ రికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీ గొంతు కన్న గిదే నయం" అన్నాడు.

లచ్చన్న ఓ మూల కూర్చుని, ముళ్లు కూడా చప్పరించి తిన్నాడు. చెయ్యి కడుక్కుని కాకా పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"కాకా, రేపు ఆమెను జెర నిమ్మలంగ సావుమను. మా డ్రైవరు బండి మస్తు మెల్లగ నడుపుతడు."