బట్టలేసుకున్న మనిషి

కరోనా వేసవిలో జర్మనీలోని కాట్‌బస్ ఊరి దగ్గర ఒక సరస్సుకు వెళ్లాను. ఐస్‌క్రీమ్ క్యూలో నా ముందున్న డెబ్బై ఏళ్ల ఆవిడ ఒంటి మీద నిబంధన ప్రకారం మాస్క్ ఉంది, ఇంకేమీ లేదు. నేను జీన్స్, ఫుల్‌హ్యాండ్స్ చొక్కాతో ఐస్‌క్రీమ్ పేర్ల బోర్డును శ్రద్ధగా చదువుతున్నాను.

"ఉడికిపోవట్లేదూ?" అందావిడ.

"అలవాటు లేదండీ."

"తూర్పు జర్మనీ రోజుల్లో ఏం మాట్లాడాలో కూడా సర్కారే చెప్పేది. ఇలా బట్టల్లేకుండా ఈదడం మాత్రం ఆపలేకపోయింది. గోడ కూలాక పడమటి మగాళ్లొచ్చి గుడ్లప్పగించి చూశారు. సిగ్గుపడటం అప్పుడే నేర్చుకున్నాం."

"మరి అంతకుముందు భయం ఉండేది కాదా?"

"ఉండేది. ఒడ్డున ఎవడైనా బట్టలేసుకుని కనిపిస్తే, వాడు గూఢచారే అనుకునేవాళ్లం."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను వెంటనే బూట్లు విప్పేశాను.